చెనక్కాయ చేనులో బంగారు కమ్మ పోయింది, మెటల్ డిటెక్టర్‌తో ఎట్ల వెతకాల?

పాకాల_రైతుబిడ్డ: చెనక్కాయ పెరికేటప్పుడు అమ్మ చెవి కమ్మ ఒకటి పడిపోయింది. రెండు గ్రాముల లోపే. ఎర్రనేల. అద్దెకు తెచ్చిన మిషన్ అడుగడుక్కీ కూస్తా ఉంది. సెట్టింగ్ ఏం పెట్టాల? తిరుపతిలో మంచి మిషన్ అద్దెకు యాడ దొరుకుతుంది? దున్నినాక వెతికితే మేలా?

తోటకాపరి: ముందు దున్నొద్దు. ఇప్పుడు పైనే ఉన్న కమ్మ మడక పడితే జానెడు లోతుకు పోతుంది, ఆ సైజుకు మిషన్ అందుకోలేదు. ఎర్రనేలలో ఇనుప ఖనిజం ఎక్కువ, మిషన్ మట్టికే కూస్తుంది. లోహం లేని చోట చూసుకుని కాయిల్‌ను (మిషన్ కొనన ఉండే గుండ్రటి పళ్లెం) నేలకు రెండంగుళాల నుంచి అడుగు ఎత్తు దాకా పైకీ కిందికీ ఆడిస్తా, శబ్దం మారకుండా ఉండేదాకా గ్రౌండ్ బ్యాలెన్స్, అంటే మిషన్ మట్టిని పట్టించుకోకుండా చేసే సెట్టింగ్, సరిచెయ్. అయినా కూస్తే సెన్సిటివిటీ తగ్గించు.

డీప్‌సెర్చ్_చిత్తూరు: డిస్క్రిమినేషన్, అంటే వద్దనుకున్న లోహాలకు కూయకుండా చేసే సెట్టింగ్, పెంచి ఇనుము, రేకు రెండూ కట్ చేస్తే సరిపాయె. లేదంటే మేకులు, లాడాలు ఏరుకుంటానే పొద్దు గూకుతుంది.

కాయిల్_మాస్టర్: ఈ మాట ఎవరూ వినొద్దు! స్క్రీన్ మీద నెంబరు లోహం పేరు చెప్పదు. వస్తువు సైజు, మందం, కరెంటు పారే గుణం కలిపి వచ్చే లెక్క అది. చిన్న కమ్మ సరిగ్గా గుట్కా ప్యాకెట్టు, మాత్రల రేకు పలికే చోటే పలుకుతుంది. రేకు కట్ చేస్తే కమ్మ కూడా కట్. వెతికేది బంగారమైతే రేకులన్నీ తవ్వాల్సిందే.

డీప్‌సెర్చ్_చిత్తూరు: పెద్ద ఉంగరం పై నెంబర్లలో పలకదా? ఏళ్ల తరబడి మిషన్ పట్టినోళ్లకు పాఠాలు చెప్పొద్దు.

కాయిల్_మాస్టర్: పెద్ద ఉంగరం పైనే పలుకుతుంది, కాదన్లేదు. ఇక్కడ అడిగింది కమ్మ గురించి. గుండ్రం తెగిన కమ్మ ఇంకా తక్కువ నెంబరులో పలుకుతుంది. అనుభవం ఉందని తప్పు మాట చెప్తే నష్టపోయేది ఆ తల్లి.

నారాయణవనం_అక్క: ఇద్దరూ కొట్లాడుకోవడం ఆపండి. తమ్ముడూ, రెండో కమ్మ ఇంట్లో ఉంది కదా? దానికి దారం కట్టి అదే చేనులో మూడంగుళాల లోతున పూడ్చి, కాయిల్ తిప్పి చూడు. వచ్చిన నెంబరు, శబ్దం రాసిపెట్టుకో. గాలిలో పట్టుకుని చూసిన నెంబరు నమ్మొద్దు, ఎర్రనేలలో మారుతుంది. పెరికిన చెట్ల కుప్ప కూడా విదిలించి చూడండి, వేర్ల మట్టితో పాటు పోయి ఉండొచ్చు.

తోటకాపరి: అక్క చెప్పిందే దారి. పురికొస కట్టి పట్టెలు పట్టెలుగా నడువు, కాయిల్ నేలకు రెండు వేళ్ల ఎత్తులో, ప్రతి ఊపూ ముందు ఊపు మీద సగం పడాల. డీడీ కాయిల్ (లోపల D ఆకారంలో రెండు తీగచుట్లు ఉండేది), చిన్నదైతే మేలు. ఫ్రీక్వెన్సీ 15 కిలోహెర్ట్జ్ పైన ఉండే మిషన్ చూడు, చిన్న బంగారానికి తక్కువ ఫ్రీక్వెన్సీ పనికిరాదు. జేబులో ఫోను తీసెయ్, మోటార్ స్టార్టర్ ఆపెయ్.

గుప్తవేట: అన్నా, చంద్రగిరి కోట పక్కన ఇదే మిషన్‌తో పాత నాణేలు దొరుకుతాయా?

నారాయణవనం_అక్క: ఆ ఆలోచనే వదులుకో. ఆ కోట పురావస్తు శాఖ రక్షణలో ఉంది, 1958 చట్టం ప్రకారం అనుమతి లేకుండా తవ్వితే నేరం. సొంత పొలంలో దొరికినా, 1878 నిధుల చట్టం కింద పది రూపాయల విలువ దాటితే కలెక్టరుకు తెలపాల.

నాణెం_ప్రియుడు: నాణేల మాట వచ్చింది కాబట్టి: 1939 దాకా వచ్చిన వెండి రూపాయి 11.66 గ్రాములు, బాగా పై నెంబరులో గట్టిగా, ఏ వైపు నుంచి ఊపినా ఒకేలా పలుకుతుంది. ఇప్పటి స్టీలు రూపాయి అయస్కాంతానికి అంటుతుంది, నెంబరు నిలకడగా ఉండదు. వెండిది దొరికితే రుద్దొద్దు, నీళ్లతో కడిగి ఆరబెట్టండి చాలు.

పాకాల_రైతుబిడ్డ: నెంబరు ఒకవైపు ఊపితే వస్తుంది, అడ్డం తిరిగి ఊపితే పోతుంది. తవ్వాలా?

కాయిల్_మాస్టర్: అది ఎక్కువగా మేకే. అయినా పైపైన మట్టి తీసి, పిడికెడు పిడికెడు కాయిల్ ముందు ఆడించి చూడు, చేతికి ఉంగరం ఉంటే ముందే తీసెయ్. తొలికతో గట్టిగా కొట్టొద్దు, కమ్మ నలుగుతుంది.

బోరు_మిత్ర: మధ్యలో అడుగుతున్నందుకు ఏమనుకోవద్దు, పూడిపోయిన బోరు కేసింగ్ దీంతో దొరుకుతుందా?

తోటకాపరి: ఇనుప కేసింగైతే మిషన్ కేకేస్తుంది, కాయిల్ ఎత్తి పట్టుకుని నడిమధ్య చూసుకో. పీవీసీ అయితే లోపల మోటారు పైపు ఇనుపది ఉంటేనే పలుకుతుంది.