10.5 లక్షల ఢిల్లీ బీఎండబ్ల్యూనా, 17 లక్షల తెలంగాణ బెంజా?

ప్రశ్న: నమస్కారం అండీ. మాది విజయవాడ. సెకండ్ హ్యాండ్‌లో లగ్జరీ కారు కొందామనుకుంటున్నాను. అన్నీ కలిపి బడ్జెట్ 18 లక్షలు. హైదరాబాద్‌లో రెండు నచ్చాయి. ఒకటి 2015 బీఎండబ్ల్యూ 320డి, ఢిల్లీ నంబరు, రీడింగ్ 58 వేలు, 10.5 లక్షలు చెప్తున్నారు. రెండోది 2017 బెంజ్ సి220డి, తెలంగాణ నంబరు, సింగిల్ ఓనర్, 84 వేలు తిరిగింది, 17 లక్షలు. నేను నెలకు వెయ్యి కిలోమీటర్లకు మించి తిరగను. బీఎండబ్ల్యూ అద్దంలా మెరిసిపోతోంది, ధరా తక్కువే. ఇంట్లో మాత్రం బెంజే తీసుకోమంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: అన్నా, ఆ ఢిల్లీ బండి ఎందుకంత చవకో ముందు చూడండి. పదేళ్లు దాటిన డీజిల్ బళ్లు ఢిల్లీ పరిసరాల్లో తిరగకూడదని 2015లో ఎన్జీటీ (పర్యావరణ కేసులు చూసే జాతీయ హరిత ట్రిబ్యునల్) చెప్పింది, 2018లో సుప్రీంకోర్టు కూడా సమర్థించింది. ఆ తర్వాత నిబంధనల్లో మార్పులు వస్తున్నా, అక్కడ పాత డీజిల్‌కు గిరాకీ పడిపోయింది. అందుకే మన వైపు దించుతున్నారు. అంతమాత్రాన బండి చెడ్డదని కాదు, కానీ 10.5 లక్షలు అసలు ధర కాదు. ఏపీలో రిజిస్ట్రేషన్ మార్చాలంటే లైఫ్ ట్యాక్స్ మళ్లీ కట్టాలి. అది మీరు కొన్న ధర మీద కాదు, బండి కొత్తప్పటి ధర మీద, వయసును బట్టి లెక్కేస్తారు. తెలంగాణ బెంజ్‌కూ ఇదే వర్తిస్తుంది, ఈ సంగతి చాలామంది మర్చిపోతారు. రెండు బళ్ల పాత ఇన్‌వాయిస్ ధరలు తీసుకుని ఆర్టీఏ ఆఫీసులో ట్యాక్స్ ఎంతవుతుందో కనుక్కున్నాకే బేరానికి కూర్చోండి. 17 లక్షలకు అది కలిస్తే మీ 18 దాటిపోవచ్చు.

ఇంకో మాట. ఎన్‌ఓసీ, అంటే బండిని వేరే చోట రిజిస్టర్ చేసుకోవచ్చని పాత ఆర్టీఏ ఇచ్చే కాగితం, వచ్చేసిందని అమ్మేవాళ్లు చెప్తే దాన్ని చేతిలోకి తీసుకుని చదవండి. ఏ ఆర్టీఏకి ఇచ్చారో అందులో రాసి ఉంటుంది. హైదరాబాద్ పేరు మీద ఉంటే విజయవాడలో పనికిరాదు. లోన్ ఉన్న బండి అయితే లోన్ తీరిపోయిందని బ్యాంకు ఇచ్చే ఫారం 35 కూడా తీసుకోవాలి.

జవాబు: నాది వర్క్‌షాప్, జర్మన్ బళ్లే ఎక్కువగా చేస్తాం. ఈ రెండు ఇంజిన్లలోనూ టైమింగ్ చైన్ (ఇంజిన్ లోపలి వాల్వులను సరైన సమయానికి తిప్పే గొలుసు) వెనక, గేర్‌బాక్స్ వైపు ఉంటుంది. చైన్ సాగితే గేర్‌బాక్స్ దించి పని చేయాలి, లేబరే తడిసి మోపెడవుతుంది. అందుకే బండి చూడడానికి పొద్దున్నే వెళ్లండి. మీరు వచ్చేదాకా స్టార్ట్ చేయొద్దని ముందే చెప్పండి. వెళ్లగానే బానెట్ మీద చేయి పెట్టండి, వేడిగా ఉంటే ఇంకోరోజు వస్తామని వెనక్కి వచ్చేయండి. చల్లటి ఇంజిన్ స్టార్టయిన మొదటి కొన్ని సెకన్లలో వెనక వైపు నుంచి గరగరమని వినిపిస్తే ఆ బండి జోలికి పోవద్దు. వేడెక్కాక ఆ చప్పుడు అణిగిపోతుంది, అమ్మేవాళ్లకూ అది తెలుసు.

పదేళ్ల బండికి 58 వేలు అంటే నాకు నమ్మకం కుదరడం లేదు. కంపెనీ సర్వీస్ సెంటర్లో ఛాసిస్ నంబరుతో హిస్టరీ అడగండి, ఓనర్ ద్వారా అడిగితే తేలిగ్గా ఇస్తారు. బండి కంప్యూటర్లను చదివే మంచి స్కానర్ ఉన్నచోట చూపించండి. మీటర్ తిప్పినా మిగతా కంప్యూటర్ మాడ్యూళ్లలో పాత రీడింగ్ ఉండిపోతుంది, బీఎండబ్ల్యూలో అయితే తాళంలో కూడా. స్టీరింగ్ తోలు నున్నగా అరిగి, బ్రేక్ పెడల్ రబ్బరు గీతలు పోయి ఉంటే 58 వేలు కాదని అక్కడే తెలిసిపోతుంది.

గేర్ ఆయిల్ జీవితాంతం మార్చక్కర్లేదని చెప్తే వినకండి. 320డిలో ఉన్న 8 స్పీడ్ గేర్‌బాక్స్ తయారు చేసిన జెడ్‌ఎఫ్ కంపెనీయే 80 వేల నుంచి 1.2 లక్షల కిలోమీటర్ల మధ్య మార్చమంటుంది. అసలు నెలకు వెయ్యి కిలోమీటర్లకు డీజిల్ దేనికండీ? అదే బెంజ్ సి200 పెట్రోల్ దొరికితే మీకు బాగా సరిపోతుంది.

ప్రశ్న: చాలా థ్యాంక్స్ అండీ. పెట్రోల్ కూడా వెతుకుతాను. వరదలో మునిగిన బండేమో అని ఒక టెన్షన్. అది ఎలా కనిపెట్టాలి?

జవాబు: మాది సింగ్‌నగర్ అండీ. 2024 సెప్టెంబర్ బుడమేరు వరదలో మా వీధి కార్లన్నీ మునిగాయి. ఇన్సూరెన్స్ వాళ్లు టోటల్ లాస్ (బాగు చేయించడం దండగ) అని రాసిన బళ్లు కడిగి, సీట్లు మార్చి వేరే ఊళ్లలో అమ్ముతారు. పాలిష్‌ను కాదు, సీటు బెల్టును చూడండి. చివరిదాకా పూర్తిగా లాగితే లోపల చుట్టుకున్న భాగంలో అడ్డంగా మట్టి చార కనిపిస్తుంది. తర్వాత డిక్కీ మ్యాట్ ఎత్తి గుంటలో ఒండ్రు ఉందేమో, సీట్ల కింద పట్టాల బోల్టులు తుప్పు పట్టాయేమో చూడండి. అద్దాలన్నీ మూసి ఏసీ ఆపి ఐదు నిమిషాలు లోపల కూర్చుంటే వాసన చెప్పేస్తుంది.

జవాబు: పాత పాలసీ కాగితం కూడా అడగండి. నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) 50 శాతం ఉంటే వరసగా ఐదేళ్లు క్లెయిమ్ లేదన్నమాట. సున్నా ఉంటే ఏం క్లెయిమ్ చేశారో అడిగి తీరాలి. ఆ బోనస్ ఓనర్‌ది, బండితో మీకు రాదు, కాబట్టి ప్రీమియం పెరుగుతుంది. పేరు మారిన 14 రోజుల్లోపు పాలసీ మీ పేరు మీదకు మార్పించుకోండి.

ప్రశ్న: ఈ రోజు ఫోన్ చేశాను. బీఎండబ్ల్యూ అమ్మేవాళ్లు బయట స్కానింగ్‌కు ఒప్పుకోలేదు, ముందు 50 వేలు టోకెన్ ఇవ్వమన్నారు. బెంజ్ ఓనర్ మాత్రం సర్వీస్ బిల్లులన్నీ వాట్సాప్‌లో పంపారు, ఆదివారం పొద్దున రమ్మన్నారు.

జవాబు: బీఎండబ్ల్యూ వదిలేయండి అన్నా, స్కానింగ్ వద్దన్న బండికి టోకెన్ ఏంటి? బెంజ్‌కు కూడా స్కానింగ్ అయ్యాకే టోకెన్ ఇవ్వండి. విజయవాడ పేరు మీద ఎన్‌ఓసీ ఇప్పించకపోతే డబ్బు మొత్తం వాపసు చేస్తామని రాయించుకుని సంతకం తీసుకోండి. ఏపీ ట్యాక్స్ ఎంతో తేలాక దాన్ని చూపించి ధర తగ్గించమని అడగండి. రిపేర్లకు కనీసం లక్షన్నర పక్కన పెట్టలేని పరిస్థితి వస్తే మాత్రం, ఈ బండి కూడా వదిలేసి సి200 కోసం ఇంకో నెల ఆగండి.