అప్‌డేట్: సంక్రాంతి ఆర్డర్లు, ఆరని మట్టి జుంకాలు

ధనుర్మాసం మంచుకి టెర్రకోట జుంకాలు ఆరడం లేదు, కాలిస్తే పగిలిపోతున్నాయి, పండగ ఆర్డర్లు ఎలా ఇవ్వాలి అని డిసెంబరులో అడిగాను కదా. అన్నీ భోగికి ముందే అందాయి. సలహాలిచ్చిన అందరికీ పేరుపేరునా థాంక్స్.

అన్నిటికంటే పనికొచ్చింది చెంపకు ఆనించి చూడమన్న చిట్కా. పైకి తెల్లబారి ఆరినట్టే కనిపిస్తుంది, చెంపకి చల్లగా తగిలితే మాత్రం లోపల ఇంకా తడి ఉన్నట్టే. ఆ తడి కొలిమిలో 100 డిగ్రీలు దాటగానే ఆవిరై ముక్కని చీల్చేస్తుంది. అందుకే జుంకా బుట్టని లోపల తొలిచి పల్చగా చేశాం. ముందు నీడలో, తర్వాత ఎండలో పెట్టి, కాల్చే ముందు పొయ్యి పక్కన వెచ్చబెట్టాం. మొదటి సెగ చాలా నెమ్మదిగా ఇచ్చాం. ఆ తర్వాత పగిలినవి చాలా తక్కువ.

నలుపు సెట్లు అడిగినవాళ్లకి రంగు వేయలేదు. చివర్లో ఊక పోసి గాలి ఆడకుండా మూసేస్తే ఆ పొగకే నల్లబడతాయి. నాకైతే ఎరుపు కంటే అవే అందం.

పిల్లలకి సెలవులు కాబట్టి పూసలు గుచ్చడం వాళ్లే చూసుకున్నారు, ప్యాకింగ్ మా ఆయన. భోగి నుంచి కనుమ దాకా మట్టి ముట్టుకోవద్దని అత్తయ్యగారు గట్టిగా చెప్పారు, మేమూ ముట్టుకోలేదు. వచ్చే ఏడాది క్రిస్మస్‌కే ఆర్డర్లు ఆపేస్తాం.