"మనం నరులం కాముగా": ఈ వాక్యంలో ఏ మాట ముఖ్యం?

గేమ్ ఆఫ్ థ్రోన్స్ అనే ఇంగ్లీషు టీవీ సిరీస్ మూడో సీజన్ (2013)లో ఒక సన్నివేశం. డ్రాగన్లున్న రాణి డెనేరిస్ తనకు కొత్తగా దక్కిన దుబాసీ మిస్సాండేతో, యుద్ధానికి వెళ్తున్నాం, ఆకలో రోగమో తప్పదు, చావూ రావచ్చు అంటుంది. ఆ అమ్మాయి ఆ కథలోని ఒక కల్పిత భాషలో "వలార్ మోర్గూలిస్" అని బదులిస్తుంది. అందరూ చావాల్సిందే అని అర్థం. ఇంగ్లీషులో ఆ 'అందరూ' దగ్గర 'మెన్' ఉంది, అంటే మనుషులూ కావచ్చు, మగాళ్ళూ కావచ్చు. డెనేరిస్ వెంటనే "నిజమే, కానీ మనం మెన్ కాదుగా" అంటుంది.

దీన్ని తెలుగులో ఎలా చెప్పాలి? 'మనుషులం కాముగా' అంటే దయ్యాలమా అనిపిస్తుంది. 'మగాళ్ళంతా చావాల్సిందే' అంటే మొదటి మాటే చెడిపోతుంది. వ్యాకరణం కూడా సాయం చేయదు. ఏకవచనంలో ఆమె వచ్చింది, ఆవూ వచ్చింది. బహువచనంలో మాత్రం ఆడా మగా కలిసి వచ్చారు.

ఇలా అడిగితే ఒకరిచ్చిన జవాబు: 'నరులు' సరిపోతుందేమో చూడండి. నరుడంటే మనిషి. పక్కన నారి ఉంటే మగవాడు. "నరులంతా చావాల్సిందే." "నిజమే, కానీ మనం నరులం కాముగా."

నేను వెతుకుతున్న మాట ఇదేనండీ, ధన్యవాదాలు! పైగా 'నరులం కాము' అంటే మానవమాత్రులం కాము అని కూడా వినిపిస్తుంది. డెనేరిస్ చివరికి చేరింది అక్కడికేగా. ఎనిమిదో సీజన్ (2019)లో లొంగిపోయి గంటలు మోగించిన నగరాన్ని డ్రాగన్ మీదెక్కి తగలబెడుతుంది. అలా మారకూడదని నేను అనను. మారడానికి సమయం ఇవ్వలేదన్నదే నా బాధ. మొదటి ఆరు సీజన్లకు పదేసి ఎపిసోడ్లు, చివరిదానికి ఆరే. ఆ కోపం రగిలించడానికి రచయితలు డెనేరిస్ కళ్ళముందే మిస్సాండే తల నరికించారు. అన్ని భాషలు తెలిసిన పిల్లకు ఆఖరున మిగిల్చింది ఒకే ఒక్క మాట, డ్రకారిస్. డ్రాగన్‌తో నిప్పు కక్కించే మాట.

అన్నట్టు, ఇంగ్లీషు 'వి' (we)లో తెలియని సంగతి ఒకటి తెలుగులో తేల్చక తప్పదు: 'మేము'నా, 'మనం'నా? రాణి మేము అనవచ్చు. కానీ అక్కడ నిన్నటిదాకా బానిసగా ఉన్న అమ్మాయిని తనతో కలుపుకుంటోంది. నాకు ఆ డెనేరిస్ ఇష్టం. తర్వాత్తర్వాత రచయితలు ఆమె చుట్టూ ఉన్నవాళ్ళను ఒక్కొక్కరినే తీసేసి, ఆమెకు 'నేను' మాత్రమే మిగిల్చారు.

'నరులం' బదులు ఇంకా మంచి మాట దొరికితే చెప్పండి, మార్చుకుంటాను. 'మనం' మాత్రం అలాగే ఉంచుతాను.