‘ఆయమ్మ’ సర్వనామమా, నామవాచకమా?

మిత్రులకు నమస్కారం. తిరుపతిలో తొమ్మిదో తరగతి పిల్లలకు ఇంగ్లీషు సర్వనామాల రకాలు చెబుతూ, ‘షి’ అన్న మాటకు ఎదురుగా ‘ఆమె’ అని బోర్డు మీద రాశాను. చంద్రగిరి నుంచి వచ్చే ఒక అమ్మాయి లేచి, “మా ఇంట్లో ఆమె అని ఎవరూ అనరు సార్, ఆయమ్మ అంటారు. అది ప్రోనౌనా, నౌనా?” అని అడిగింది. ప్రోనౌనే అని చెప్పి అప్పటికి గట్టెక్కాను గానీ, ఎందుకో చెప్పలేకపోయాను.

‘ఆయప్ప వచ్చినాడు’, ‘ఆయమ్మ చెప్పింది’ అన్నవి చిత్తూరు వైపు పొద్దస్తమానం వినిపించే మాటలే. విడదీస్తే ‘ఆ’, ‘అమ్మ’, నడుమ యకారం. లోపల ఉన్నది నామవాచకమే. అయితే పిల్లలు లేని స్త్రీని గురించి కూడా ఆయమ్మ అనే అంటాము కనుక, ఇందులోని ‘అమ్మ’ తల్లిని సూచించడం ఎప్పుడో మానేసింది.

చిక్కేమిటంటే, బడిలో పిల్లలను చూసుకునే ఆయాను కూడా ‘ఆయమ్మ’ అనే పిలుస్తారు. పోర్చుగీసు నుంచి వచ్చిన ఆ ‘ఆయా’కు మనం అమ్మను చేర్చుకున్నాము. ‘ఆయమ్మ గంట కొట్టింది’ అంటే రెండర్థాలూ వస్తాయి. తేడా తెలియాలంటే ‘ఆ’ను ‘ఈ’గా మార్చి చూడాలి: ఎదురుగా ఉన్న స్త్రీని చూపిస్తూ ‘ఈయమ్మ’ అనవచ్చు గానీ, ఆయా దగ్గరికి వచ్చినంత మాత్రాన ఆ ఉద్యోగం పేరు ‘ఈయమ్మ’ అయిపోదు. అలాగే ‘కొత్త ఆయమ్మ చేరింది’ అంటే ఆయా గుర్తుకు వస్తుందే తప్ప ‘షి’ గుర్తుకు రాదు. సంస్కృత విశ్వవిద్యాలయం ఉన్న మా తిరుపతివారికి ఈ తర్కం కొత్తది కాదు. సంస్కృతంలో ‘సర్వ’ (అన్నీ, అందరూ) శబ్దం మామూలుగా సర్వనామమే; అదే ఒక మనిషి పేరైనప్పుడు పాణిని వ్యాకరణాన్ని అనుసరించేవారి లెక్కలో సర్వనామం కాదు, చతుర్థీ విభక్తిలో (‘కొరకు’ అనే అర్థంలో) ‘సర్వస్మై’కి బదులు ‘సర్వాయ’ అవుతుంది.

‘ఆ’ను ‘ఈ’గా మార్చి చూసే ఈ పరీక్షతో మరొక సంగతి బయటపడింది. ఇంగ్లీషు వ్యాకరణంలో ‘హి, షి, ఇట్’ ఒక జాతి, ‘దిస్, దట్’ మరొక జాతి. తెలుగులో ఆ గోడ నిలవదు. వాడు–వీడు, ఆయన–ఈయన, ఆమె–ఈమె, అది–ఇది, అన్నీ వేలు పెట్టి చూపించే మాటలే; ‘అది’ ఒక్కటే ‘ఇట్’కూ ‘దట్’కూ సరిపోతుంది. కనుక పురుషవాచకాలు (‘హి, షి’ లాంటివి), నిర్దేశకాలు (‘దిస్, దట్’ లాంటివి) అంటూ రెండు గడులు గీసి తెలుగు మాటలను పంచమనడం పిల్లలను అనవసరంగా తికమక పెట్టడమేనని నా అభిప్రాయం. సంబంధ సర్వనామాల మాట చెప్పనే అక్కరలేదు. ‘నిన్న వచ్చిన అబ్బాయి’ అన్నప్పుడు ‘హూ’ చేసే పనిని ‘వచ్చిన’ అనే క్రియారూపమే చేసేస్తుంది.

ఇంకొక సందేహం మిగిలి ఉంది. ‘ఆయమ్మోళ్లు వచ్చినారు’ అంటే మా వైపు చాలామంది ఆడవాళ్లు వచ్చారని కాదు, ఆమె, ఆమె ఇంటివాళ్లు వచ్చారని అర్థం; ఇంగ్లీషు ‘దే’లో ఈ అర్థం పలకదు. కుప్పం, పలమనేరు, సత్యవేడు వైపు సభ్యులు మీ ఊళ్లలో దీనిని ఏ అర్థంలో వాడతారో తెలియజేయగలరు.