విశాఖలో భూగర్భ రాడార్ సర్వేకు గిరాకీ ఉంటుందా?

ప్రశ్న: 2014 హుద్‌హుద్ తుపాను తరువాత విశాఖలో విద్యుత్ తీగలను భూగర్భంలోకి మార్చే పనులు చేపట్టినందున, తవ్వకుండానే కేబుళ్లను, పైపులను గుర్తించే గ్రౌండ్ పెనెట్రేటింగ్ రాడార్ సేవలకు ఇక్కడ గిరాకీ పెరుగుతుందని భావిస్తున్నాను. ఈ యంత్రాన్ని కొనవచ్చా అండీ?

జవాబు 1: గిరాకీ నిజమే. తవ్వకానికి ముందు సమాచారం ఇచ్చిపుచ్చుకునేందుకు కేంద్రం 2023లో ‘కాల్ బిఫోర్ యు డిగ్’ యాప్‌ను కూడా తెచ్చింది. అయితే యంత్రం కంటే దాని చిత్రాలను చదవగల మనిషి దొరకడమే కష్టం. తెరపై పైపు బోర్లించిన గిన్నెలా వంపుగా కనిపిస్తుంది. పెద్ద రాయి కూడా అలాగే కనిపించగలదు.

జవాబు 2: తీరం వెంబడి ఉప్పునీరు చేరిన నేలలోను, బంకమట్టిలోను రాడియో తరంగాలు త్వరగా క్షీణిస్తాయి కాబట్టి, పొడి ఇసుకలో రెండు మూడు మీటర్లు చూపే 400 మెగాహెర్ట్జ్ యాంటెన్నా అక్కడ ఒక మీటరైనా చూపకపోవచ్చు. పౌనఃపున్యం తగ్గిస్తే లోతు పెరుగుతుంది గాని, సన్నని కేబుళ్లు ఆనవు. దయచేసి ముందు అద్దెకు తెచ్చి పరీక్షించండి.