ఒక్క రాత్రి ట్రెక్‌కి దిండు, డికాక్షన్, ఆవకాయ మోయడం దండగా?

పలాస టు నోయిడా:
అందరికీ నమస్కారం. డిసెంబర్ చివర్లో మా ఆఫీసు స్నేహితులం ఐదుగురం నాగ్‌టిబ్బాకి వెళ్తున్నాం. తెలియనివాళ్ల కోసం చెప్తున్నాను: ఉత్తరాఖండ్‌లో ముస్సోరీ దాటాక పంత్‌వాడీ అనే ఊరి నుంచి ఎక్కుతారు. శిఖరం ఎత్తు 3,022 మీటర్లు. మధ్యలో ఒక రాత్రి టెంట్‌లో పడుకోవాలి. టెంట్లు, స్లీపింగ్ బ్యాగులు అద్దెకు తీసుకుని మేమే మోసుకెళ్తున్నాం. వంట కూడా మాదే.

గొడవంతా సామాను లిస్టు దగ్గరే వచ్చింది. నేను రాసుకున్నవి ఇవి: గాలి ఊదుకునే దిండు, కాఫీ డికాక్షన్, చిన్న డబ్బాలో ఆవకాయ, రాత్రి వేసుకోడానికి హవాయి చెప్పులు, పేకముక్కలు. ఒకడేమో "ఒక్క రాత్రికి ఇవన్నీ ఎందుకురా, అడవికి వెళ్తున్నావా అత్తారింటికి వెళ్తున్నావా" అంటున్నాడు. ఇంకొకడు మడత కుర్చీ, బ్లూటూత్ స్పీకరు కూడా పెట్టుకుందాం, బరువెక్కువైతే కంచరగాడిదని మాట్లాడుకుందాం అంటున్నాడు. నాకైతే ఆ చిన్న సుఖాలు లేకుండా వెళ్లి వణుక్కుంటూ వచ్చేయడంలో గొప్పేమీ కనిపించట్లేదు. మీరేమంటారు?

తేలికసంచి:
నా ఓటు వద్దన్న అబ్బాయికే. ఏ వస్తువైనా విడిగా చూస్తే బరువనిపించదు. దిండు ఓ 100 గ్రాములు, చెప్పులు 300, ఆవకాయ డబ్బా 250, డికాక్షన్ సీసా 300, పేకముక్కలు ఇంకో 100. చూస్తుండగానే కిలో దాటిపోయింది. కిలో అంటే లీటరు నీళ్లు. కొండ మీద నేనైతే ఆ చోటు నీళ్లకే ఇస్తాను. పైగా బరువు బాధ ఎక్కేటప్పుడు కాదు, దిగేటప్పుడు తెలుస్తుంది. మంచు మీద జారుతూ దిగుతుంటే ప్రతి కిలో మోకాళ్ల మీదే పడుతుంది.

తేలిగ్గా నడిచేవాళ్లు తిండి, నీళ్లు, గ్యాస్ వదిలేసి మిగతా సామానంతా 4.5 కిలోల లోపే ఉండాలని లెక్క పెట్టుకుంటారు. హిమాలయాల చలికాలంలో అంత తక్కువ కుదరదు, నిజమే. కానీ ఆ ఆలోచన మంచిది. 1955లో అమెరికాలో ఎమ్మా గేట్‌వుడ్ అనే 67 ఏళ్ల పెద్దావిడ 3,000 కిలోమీటర్లకు పైగా ఉన్న అపలేచియన్ కాలిబాటను ఒంటరిగా నడిచి పూర్తి చేశారు. భుజాన సొంతంగా కుట్టుకున్న గుడ్డ సంచి, వానకి అడ్డంగా స్నానాలగది ప్లాస్టిక్ తెర, కాళ్లకి మామూలు గుడ్డ బూట్లు. టెంటు లేదు, స్లీపింగ్ బ్యాగు లేదు. ఆవిడ అన్ని నెలలు అలా నడవగలిగినప్పుడు మనం ఒక్క రాత్రి దిండు లేకుండా పడుకోలేమా?

అరకు అక్క:
తేలికసంచి గారూ, గేట్‌వుడ్ గారంటే నాకూ ఎంతో గౌరవం. కానీ ఆవిడ దారి పొడవునా ఎంతోమంది ఇళ్లలో తలదాచుకున్నారు, వాళ్లు పెట్టింది తిన్నారు. అది కూడా చెప్పాలి కదండీ. నాగ్‌టిబ్బా క్యాంపులో రాత్రి పదకొండింటికి తలుపు తీసి అన్నం పెట్టే ఇల్లు ఉండదు.

తమ్ముడూ, నీ లిస్టులో అన్నిటికంటే ముందుండాల్సింది రాయనేలేదు. సుఖమంటే ముందు నిద్ర. డిసెంబర్‌లో ఆ ఎత్తులో రాత్రి సున్నా కిందికి పోతుంది. చలి పైనుంచి వస్తుందనుకుంటాం గానీ ఒంట్లో వేడి ఎక్కువగా లాక్కునేది కింద నేల. ఎంత మంచి స్లీపింగ్ బ్యాగైనా నీ బరువుకి కింద అణిగిపోతుంది, అక్కడ అది వెచ్చదనం ఇవ్వదు. అందుకని ఇంకో 400 గ్రాములు పెరిగినా సరే, మడతపెట్టే ఫోమ్ మ్యాట్ తీసుకో. అద్దెకిచ్చేవాళ్లు పల్చటిది ఇస్తే రెండోది అడిగి తీసుకో.

ఇంకోటి వేడినీళ్ల సీసా. నా దృష్టిలో దీన్ని మించింది లేదు, అదనపు బరువు కూడా ఉండదు. ఒకే పొర ఉన్న స్టీలు సీసాలో పడుకునే ముందు మరిగిన నీళ్లు పోసి, మూత బిగించి, తలకిందులు చేసి ఊపి చూడు. చుక్క కూడా కారకూడదు. మందపాటి ఉన్ని సాక్సు తొడిగి స్లీపింగ్ బ్యాగులో కాళ్ల దగ్గర పెట్టుకో. చాలామంది ఇంట్లో ఉన్న ఫ్లాస్కు తీసుకొస్తారు. అది పనికిరాదు, దాన్ని చేసిందే వేడి బయటికి రాకుండా. పల్చటి ప్లాస్టిక్ సీసా అసలే వద్దు, మెత్తబడిపోతుంది. పొద్దున్న లేచేసరికి బయట పెట్టిన నీళ్లు గడ్డకట్టి ఉంటాయి, నీ సీసాలో మాత్రం గోరువెచ్చటి నీళ్లుంటాయి. నిద్రకి మాత్రమే వాడే పొడి సాక్సులు ఒక జత వేరే కవర్లో దాచుకో. నడిచిన సాక్సులతో పడుకుంటే ఆ చెమట తడే చలి పెడుతుంది.

దిండు మాత్రం కొనక్కర్లేదు. స్లీపింగ్ బ్యాగు సంచిలో జాకెట్ కుక్కితే అదే దిండు.

పలాస టు నోయిడా:
అక్కా, జాకెట్ కుక్కేస్తే రాత్రి బాత్‌రూమ్‌కి లేచినప్పుడు ఏం వేసుకోవాలి?

అరకు అక్క:
సరే, ఆ మాట నిజమే. దిండు పెట్టుకో.

బే ఏరియా గోదారోడు:
ఆవకాయ గురించి ఎవరూ మాట్లాడలేదు కాబట్టి నేను రాస్తున్నా. మేం కాలిఫోర్నియాలోని యోసెమిటీ నేషనల్ పార్కు వైపు వెళ్తుంటాం. అక్కడ రాత్రి అడవిలో ఉండాలంటే తిండంతా ఎలుగుబంట్లు తెరవలేని గట్టి డబ్బాలో పెట్టడం తప్పనిసరి. ఆ ఖాళీ డబ్బానే కిలో పైన ఉంటుంది. తిండి ఒక్కటే కాదు, వాసన వచ్చే ప్రతిదీ అందులోకే వెళ్లాలి, టూత్‌పేస్టు, క్రీములతో సహా. కాబట్టి ఆవకాయ పెట్టాలంటే వేరే ఏదో తీసేయాలి. మేం వేరేవి తీసేసి ఆవకాయే పెడతాం. రోజంతా నడిచి చెమటోడ్చాక ఒంటికి ఉప్పు కావాలి, తినబుద్ధి కూడా కావాలి. పొడి ఉప్మా ప్యాకెట్‌లో వేడినీళ్లు పోసుకుని, దాని పక్కన అర చెంచా ఆవకాయ పెట్టుకుంటే మొత్తం తినేస్తాం. అది లేకపోతే సగం పారేస్తాం. పారేసిన సగం మళ్లీ మోసుకుని దిగాలి, అక్కడ పడెయ్యడానికి లేదు. ఏది బరువో మీరే లెక్క చూసుకోండి.

ఒక సలహా. ముక్క తీసుకెళ్లకండి, టెంకె చెత్తవుతుంది. గుజ్జు, నూనె మాత్రం తీసుకోండి. పైకెళ్లేకొద్దీ బయట గాలి ఒత్తిడి తగ్గుతుంది, చిప్స్ ప్యాకెట్లు ఉబ్బేది అందుకే. మూత వదులుగా ఉంటే నూనె బయటికొచ్చేస్తుంది. డబ్బా నిండా నింపకుండా, రెండు కవర్లలో చుట్టి, బట్టలకి దూరంగా పెట్టండి. టెంట్‌లో పక్కన పెట్టుకుని మాత్రం పడుకోకండి. ఎలుగుబంటి రాకపోయినా క్యాంపు కుక్కలు వస్తాయి.

తేలికసంచి:
ఆవకాయ సంగతి ఒప్పుకుంటున్నా. కడుపులోకి వెళ్లేది దిగేటప్పుడు మోకాళ్ల మీద ఉండదు. కాఫీకి మాత్రం ఒప్పుకోను. ఇన్‌స్టంట్ పొడి ప్యాకెట్ రెండు గ్రాములు. డికాక్షన్ సీసా ఎందుకు?

ఫిల్టర్ కాఫీ:
నా పేరు చూస్తే ఏ పక్షమో తెలిసిపోతుంది. డికాక్షన్ మోయడంలో అర్థముంది, అయితే పద్ధతి ఉంది. పైకి ఫిల్టరు తీసుకెళ్లి అక్కడ డికాక్షన్ దింపాలనుకోకండి. చుక్కచుక్కగా దిగడానికి ఇంట్లోనే పావుగంట పైన పడుతుంది, ఆ చలిలో దిగేసరికి నీళ్లలా చల్లబడిపోతుంది. పైగా 2,600 మీటర్ల దగ్గర నీళ్లు 100 డిగ్రీలకి కాదు, 91 దగ్గరే మరిగిపోతాయి. అందుకే అక్కడ కందిపప్పు పెట్టుకుని కూర్చుంటే గ్యాస్ అయిపోతుంది గానీ పప్పు ఉడకదు. కాఫీకి మాత్రం ఆ వేడి చాలు.

బయల్దేరే రోజు పొద్దున్న ఇంట్లోనే చిక్కగా తీసి 150 మిల్లీలీటర్ల చిన్న సీసాలో పోసుకోండి. ఆ చలికి మర్నాటి దాకా పాడవదు. ఐదుగురికి ఒక్కో చిన్న గ్లాసు వస్తుంది. పాలపొడిని సలసలా మరిగే నీళ్లలో వేస్తే ఉండలు కడుతుంది. ముందు కాసిని గోరువెచ్చటి నీళ్లలో మెత్తగా కలిపి, ఆ తర్వాత వేడినీళ్లు పోయాలి. అరకు అక్క చెప్పిన సీసాలో నీళ్లు పొద్దున్న దీనికి సరిగ్గా సరిపోతాయి.

గ్యాస్ సంగతి కూడా చూసుకోండి. మన దగ్గర చవగ్గా దొరికే చిన్న డబ్బాల్లో చాలావరకు బ్యూటేన్ ఉంటుంది. సున్నా డిగ్రీల దగ్గర అది ఆవిరి కావడం మానేస్తుంది, స్టవ్ వెలగదు. రాత్రి ఆ డబ్బాని స్లీపింగ్ బ్యాగులో పెట్టుకుని పడుకుంటే పొద్దున్న పనిచేస్తుంది. పవర్‌బ్యాంకూ అంతే, చలికి చార్జింగ్ పడిపోతుంది.

ఆత్మకూరు అమ్మాయి:
మా ఊరి మీదుగా ఏటా శివరాత్రికి వేలమంది శ్రీశైలం నడిచి వెళ్తారు. వెంకటాపురం, నాగలూటి, పెచ్చెరువు, భీముని కొలను, కైలాసద్వారం, ఇదీ దారి. నల్లమల అడవిలోనే రాత్రి పడక. అది పులుల అభయారణ్యం, మామూలు రోజుల్లో వెళ్లనివ్వరు. అక్కడ నడిచేవాళ్లెవరూ ట్రెక్ అనరు గానీ పని అదే. మా అమ్మ ఎన్నో ఏళ్లు నడిచింది.

అమ్మ మూటలో ఏముండేదో చెప్తాను. దుప్పటి, చెంబు, ఒక చీర, పులిహోర. చింతపండు, నూనె ఉంటాయి కాబట్టి రెండో రోజుకీ బాగుంటుంది. ఆ దారిలో నీళ్ల కష్టం ఎక్కువ, అందుకని తక్కినవన్నీ తగ్గించుకునేది. కానీ కొబ్బరినూనె సీసా మాత్రం ఎప్పుడూ వదల్లేదు. రాత్రి పెచ్చెరువు దగ్గర పడుకునే ముందు కాళ్లు కడుక్కుని, వేళ్ల మధ్య తుడుచుకుని, పాదాలకి నూనె రాసుకునేది. పక్కన పడుకున్నవాళ్లకి కూడా ఇచ్చేది. ఎవరో ఏ ఊరో తెలియదు, కన్నడం వాళ్లు కూడా ఉండేవాళ్లు. మర్నాడు భీముని కొలను లోయలోకి దిగి మళ్లీ కైలాసద్వారం మెట్లెక్కాలి, ఆ రాళ్ల మెట్ల మీద బొబ్బలెక్కిన కాళ్లతో నడవడం నరకం.

అందుకే నేనైతే ఒక్కటే చూస్తాను. అది నీకొక్కడికేనా, ఐదుగురికీనా? డికాక్షన్, ఆవకాయ, పేకముక్కలు, నూనె ఐదుగురివి. మడత కుర్చీ ఒక్కడిది. ఒకడు కూర్చుంటే నలుగురు నేల మీద ఉంటారు.

మంచుదారి:
అమ్మాయి చెప్పినది చాలా బాగుంది. స్పీకరు సంగతి కూడా ఆ లెక్కలోనే తేలిపోతుంది. అది ఐదుగురిది మాత్రమే కాదు, చుట్టుపక్కల టెంట్లన్నిటిదీ, అడవిలో ఉన్న జంతువులది కూడా. వాళ్లెవరూ అడగలేదు. అది ఇంట్లోనే వదిలేయండి. తడి టిష్యూలు కూడా ఎవరైనా పెట్టుకుంటే ఒక కవరు ఇచ్చి, వాడినవన్నీ వెనక్కి తీసుకురమ్మనండి. వాటిలో చాలావాటికి ప్లాస్టిక్ పోగులుంటాయి, మట్టిలో కలవవు. క్యాంపుల వెనక చెట్ల కింద అవే కనిపిస్తాయి, చూస్తే కడుపు మండిపోతుంది. 2018లో ఉత్తరాఖండ్ హైకోర్టు ఎత్తైన పచ్చిక మైదానాల్లో రాత్రి బసే వద్దని ఆపేసింది. మనం వాడే తీరు బాగుంటే అక్కడిదాకా వచ్చేది కాదు.

కంచరగాడిద మాటకొస్తే నాకు గట్టి అభ్యంతరముంది. కుర్చీ కావాలనుకున్నవాడు కుర్చీ మోయాలి. మోసినవాడికే అది ఎంత అవసరమో తెలుస్తుంది. ఇంకో ప్రాణి మీద వేస్తే లిస్టుకి హద్దుండదు. కుర్చీ తర్వాత బల్ల, బల్ల తర్వాత బొగ్గుల పొయ్యి.

శ్రీకాకుళం సైకిల్:
మంచుదారి గారూ, ఇక్కడ నేను ఒప్పుకోను. పంత్‌వాడీ లాంటి ఊళ్లలో ఆ కంచరగాడిదల మీదే ఇళ్లు గడుస్తున్నాయి. మనం అంత దూరం వెళ్లి, వాళ్ల కొండెక్కి, వాళ్లకి రూపాయి ఇవ్వకుండా దిగిపోవడం ఏం గొప్ప? మోయించడం తప్పు కాదు, ఎంత మోయిస్తున్నామనేదే ప్రశ్న. ఆఫ్రికాలోని కిలిమంజారో కొండ మీద సామాను మోసే కూలీ మీద 20 కిలోలకి మించకూడదని నియమం పెట్టి తూకం వేస్తారు. అలా లెక్కగా పెట్టి, గిట్టుబాటు కూలీ ఇచ్చి, రాత్రి ఆ మనిషికి కూడా మన టెంట్‌లో చోటు, వేడి అన్నం ఉండేలా చూసుకుంటే మోయించండి.

మంచుదారి:
ఆ మనిషికి టెంటూ అన్నం చూసుకునేవాళ్లయితే నాకు ఏ గొడవా లేదు. చూసుకునేవాళ్లు తక్కువ. మనం దిండు మీద పడుకుంటే గాడిద తోలేవాళ్లు గోనె కప్పుకుని పొయ్యి పక్కన ముడుచుకుని పడుకోవడం నేను చూశాను. అందుకే అంత గట్టిగా అన్నాను. మోయించాలనుకుంటే టెంట్లు మోయించండి. సరదా వస్తువులు మాత్రం ఎవరివి వాళ్లే మోయండి.

పలాస టు నోయిడా:
అందరికీ థాంక్సండీ. మావాళ్ల గ్రూపులో ఇదంతా పెట్టాను. స్పీకరు తీసేశాం. చెప్పులు కూడా తీసేశాను, మంచులో వాటితో తిరిగితే వేళ్లు గడ్డకడతాయని ఇంట్లో అమ్మే ఆపేసింది. దిండు, ఆవకాయ గుజ్జు, డికాక్షన్, పేకముక్కలు ఉంటాయి. రెండో మ్యాట్, స్టీలు సీసా, పొడి సాక్సులు, చిన్న కొబ్బరినూనె సీసా కొత్తగా చేరాయి. కుర్చీ వాడు మోస్తానన్నాడు, మోయనిద్దాం. గాడిద సంగతి మాత్రం మాలో ఇంకా తేలలేదు. ముగ్గురు ఒక వైపు, ఇద్దరు ఒక వైపు ఉన్నాం. తీసుకుంటే ఆయనకి ఇంకో స్లీపింగ్ బ్యాగు అద్దెకి తీసుకోవాలని మాత్రం రాసుకున్నాం. కొబ్బరినూనె చలికి పేరుకుంటుంది కదా, దాని బదులు నువ్వులనూనె తీసుకెళ్లొచ్చా అమ్మాయి గారూ?

ఆత్మకూరు అమ్మాయి:
తీసుకెళ్లండి, అది పేరుకోదు. పడుకునే ముందు వేళ్ల మధ్య బాగా తుడుచుకున్నాకే రాయండి, తడి మీద రాస్తే చర్మం నానిపోతుంది.