అప్‌డేట్: అమ్మ చిగుళ్లకి ఏ మౌత్‌వాష్ అని అడిగాను కదా

పోయిన నెల అడిగాను, బ్రష్ చేస్తుంటే అమ్మకి చిగుళ్ల నుంచి రక్తం వస్తోందని. డెంటిస్ట్‌కి చూపించాం. గట్టిపడిన గార ఏ మౌత్‌వాష్‌తోనూ పోదని ముందు క్లీనింగ్ చేశారు. తర్వాత 0.2 శాతం క్లోర్‌హెక్సిడిన్ (క్రిముల్ని చంపే మందు) ఉన్న మౌత్‌వాష్, 10 మి.లీ. చొప్పున రోజుకు రెండుసార్లు, రెండు వారాలే వాడమన్నారు. పేస్టుతో తోముకున్న వెంటనే పుక్కిలిస్తే మందు సరిగా పనిచేయదట, అరగంట ఆగాలట. ఇది మాకు అసలు తెలియదు!

పదో రోజుకి కింది పళ్లపై గోధుమరంగు మరకలు, పప్పులో ఉప్పు తెలియట్లేదని అమ్మ. చాలా టెన్షన్ పడ్డాను. ఆపేశాక రుచి తిరిగొచ్చింది, మరకలు పాలిష్‌తో పోయాయి. ఇప్పుడు రోజూ పళ్ల సందులకు చిన్న బ్రష్, ఆల్కహాల్ లేని మామూలు మౌత్‌వాష్. నిన్న పొద్దున అమ్మ ఉమ్మిన నురుగు తెల్లగానే ఉంది.